జడ వేసేదీ మనమే, జడిపించేదీ మనమే

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో పాత ఇళ్ళ ఆల్బములు తిరగేస్తే ఒక ఫోటో తరచుగా ఎదురవుతుంది. రెండు మూడేళ్ళ బిడ్డ. పట్టులంగా, జాకెట్టు, జడకు కుచ్చులు, జడ నిండా పూలు, నుదుట బొట్టు, బుగ్గన దిష్టిచుక్క, కాళ్ళకు పట్టీలు. జడ కూడా కనపడాలని వెనక నిలువుటద్దం. ఎవరీ పాప అని అడిగితే ఇంట్లోవాళ్ళు నవ్వి, పక్కనే కూర్చున్న మీసాలాయన్ని చూపిస్తారు. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగబిడ్డకు ఒకసారి ఆడపిల్ల వేషం వేసి ఫోటో తీయించుకోవడం తెలుగు ఇళ్ళలో పాత ముచ్చట. తలనీలాలు తిరుమల కొండ మీద ఇచ్చినా, ఇంటిదేవుడి గుడిలో ఇచ్చినా, కత్తి పడేలోగా ఆ జడ ముచ్చట తీరాల్సిందే. జేజి జడ వేస్తుంది, మేనత్త పూలు కుడుతుంది, వీధిలోవాళ్ళంతా వచ్చి చూసి మెటికలు విరుస్తారు.

అదే బిడ్డ అయిదేళ్ళవాడై, అక్క గౌను తనంతట తానే తొడుక్కుని నడింట్లోకి వచ్చి నిలబడితే మాట మారిపోతుంది. "తీసెయ్ రా అబ్బీ, ఎవరన్నా చూస్తే నవ్వుతారు. నువ్వేమన్నా ఆడపిల్లవా?"

ఈ రెండు సందర్భాల్లోనూ బట్ట అదే, బిడ్డా అదే. మొదటిసారి కోరిక పెద్దవాళ్ళది, రెండోసారి పిల్లవాడిది. తేడా అక్కడే ఉంది. మగపిల్లలు ఆడపిల్లల రంగులు, బట్టలు వేసుకోవచ్చా అనే ప్రశ్న పడమటి దేశాల నుంచి ఫోన్లలో దిగివచ్చిందని చాలామంది అనుకుంటారు. కడప జిల్లా ఆచారాలనూ రంగస్థలాన్నీ, చుట్టుపక్కల జాతరలనూ వరుసగా చూస్తే ఇది మన పాత ప్రశ్నేనని తెలుస్తుంది. పెద్దలు అనుమతించిన చోట మగవాడి చీరకు హారతి పట్టారు. పిల్లవాడు తనకు తానుగా అడిగిన చోట మాత్రం సిగ్గు పెట్టారు.

ఫోటో ముచ్చట కంటే పాతది, బాధతో కూడినది ఇంకొక ఆచారం ఉంది. వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో మగబిడ్డ పుడితే వాడి మీద ఎవరి కన్నూ, ఏ గాలీ పడకూడదని రకరకాల ఉపాయాలు చేసేవాళ్ళు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి మళ్ళీ తెచ్చుకునేవాళ్ళు. పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టేవాళ్ళు. ముక్కు కుట్టించేవాళ్ళు. ఆడపిల్ల బట్టలు వేసేవాళ్ళు. బిడ్డను దక్కించుకోవాలన్న తల్లి ఆరాటాన్ని తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాదు. అయినా ఆ ఉపాయం వెనక లెక్క ఒకటి ఉందని ఒప్పుకోవాలి. ఆడబిడ్డ మీద మృత్యువుకైనా ఆశ ఉండదు, కాబట్టి మగబిడ్డను ఆడబిడ్డగా చూపిస్తే బతుకుతాడు. కొడుకు ఒంటి మీది లంగా ఆ రోజుల్లో ప్రేమకు గుర్తు. ఆడపిల్లకు విలువ తక్కువన్న నమ్మకానికీ అదే గుర్తు. ఈనాటి వెక్కిరింతకు మూలం కూడా అక్కడే దొరుకుతుంది.

నగల విషయంలో పట్టింపు ఇంకా తక్కువ. పసిడిపురి అని పేరున్న ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో పసిబిడ్డల వస్తువులు చూడండి. చెవిపోగులు, గొలుసులు, మురుగులు, మువ్వల పట్టీలు ఆడబిడ్డకూ మగబిడ్డకూ ఒకే మాదిరిగా అడుగుతారు. ఆడబిడ్డకు సిగ్గుబిళ్ళ ఒకటి అదనం. చెవులు కుట్టించే వేడుక ఇద్దరికీ ఉంది. పెద్దయ్యాక కూడా పెళ్ళిరోజున వరుడి కాళ్ళకు పారాణి పెడతారు, కళ్ళకు కాటుక దిద్దుతారు, బుగ్గన చుక్క పెడతారు. అదంతా శుభం.

రంగుల సంగతి మరీ విచిత్రం. గులాబీ రంగు ఆడపిల్లలది, నీలం మగపిల్లలది అన్న నియమం మన పాత సంప్రదాయంలో ఎక్కడా లేదు. బిడ్డ పుట్టకముందే కొత్తబట్టలు కొనడం మన ఇళ్ళలో మంచిది కాదంటారు. పుట్టాక మొదట చుట్టేది జేజి పాత నూలుచీర మెత్తటి ముక్క. ఉయ్యాలకూ చీరే, బొంతకూ చీరే. ఆ చీర రాణీరంగుదో వంగపండు రంగుదో నెమలికంఠం రంగుదో ఎవరూ చూసేవాళ్ళు కాదు.

అమెరికాలోనూ ఇది పాత నియమం కాదు. 1884లో తీసిన ఫోటోలో తర్వాత ఆ దేశాధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, రెండున్నరేళ్ళ వయసులో, పొడుగు జుట్టుతో, గౌనుతో కూర్చుని ఉంటాడు. అప్పట్లో పసిమగపిల్లలందరికీ అదే వేషం. 1918లో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి గులాబీ గట్టి రంగు కాబట్టి మగపిల్లలకని, నీలం సున్నితం కాబట్టి ఆడపిల్లలకని రాసింది. 1927లో టైమ్ పత్రిక పెద్ద నగరాల దుకాణాలను వాకబు చేస్తే ఒక్కో దుకాణం ఒక్కో మాట చెప్పింది. బట్టల చరిత్ర రాసిన జో పావొలెట్టి 2012లో తెచ్చిన పుస్తకంలో ఈ కథంతా వివరించారు. ఇప్పటి గులాబీ–నీలం విభజన రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్థిరపడింది. 1980ల నుంచి కడుపులో బిడ్డ ఆడో మగో స్కానింగులో ముందే తెలియడం మొదలయ్యాక అది బాగా బిగుసుకుంది. ముందే తెలిస్తే ముందే కొనిపించవచ్చు. అన్న చొక్కా చెల్లికి, అక్క గౌను తమ్ముడికి పనికిరాకుండా చేస్తే రెండుసార్లు కొనిపించవచ్చు.

మన దేశంలో ఆ దారి మూసి ఉంది. ఆడపిండాలను చంపుతున్నారన్న భయంతో 1994లో తెచ్చిన చట్టం కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నేరం చేసింది. అయినా పుట్టినరోజు బెలూన్లు, కేకులు, స్కూలు బ్యాగులు, నీళ్ళ బాటిళ్ళ ద్వారా ఆ విభజన మన ఊళ్ళకు వచ్చేసింది. ఇప్పుడు పిల్లల బట్టల అంగట్లో అడుగు పెడితే మొదటి ప్రశ్న "బాబుకా, పాపకా?" సైజు సంగతి ఆ తర్వాత.

పిల్లలకు ఈ ఇష్టాలు పుట్టుకతో వస్తాయా? 2011లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో వెనెసా లోబ్యూ, జూడీ డిలోచ్ అనే శాస్త్రవేత్తలు పసిపిల్లల ముందు రంగురంగుల వస్తువులు పెట్టి చూశారు. రెండు, రెండున్నరేళ్ళ వయసుకు ఆడపిల్లలు గులాబీ రంగును ఎక్కువగా ఎంచుకున్నారు. మగపిల్లలు వయసు పెరిగేకొద్దీ ఆ రంగును తప్పించుకోసాగారు. తప్పించుకోవడం నేర్చుకున్నదే అనుకోవడానికి 2021లో వచ్చిన మరో అధ్యయనం బలమిస్తోంది. పెరూ అడవుల్లోని షిపిబో పిల్లలను, వనువాటు దీవుల్లో పాత ఆచారాలతో బతికే పిల్లలను, కాంగోలో వేట మీద బతికే బయాకా పిల్లలను, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగర పిల్లలను పోల్చి చూస్తే, గులాబీ రంగు విషయంలో ఆడా మగా తేడా కనిపించింది బ్రిస్బేన్‌లో మాత్రమే. రంగును పంచి పెట్టింది అంగడే.

ఇక రంగస్థలానికి వస్తే కడప జిల్లా చెప్పుకోవలసింది చాలా ఉంది. పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరుంది. 1885లో వనారస గోవిందరావు అక్కడ కీచకవధ నాటకం ఆడించడంతో సురభి నాటక సమాజం పుట్టింది. దేశంలో చాలాచోట్ల మగవాళ్ళే ఆడవేషాలు కట్టే కాలంలో సురభి కుటుంబాల స్త్రీలు స్టేజీ ఎక్కారు. అంతటితో ఆగకుండా మగవేషాలూ కట్టారు. ఉయ్యాల దిగగానే స్టేజీ ఎక్కే ఆ ఇళ్ళ పిల్లలకు వేషమంటే పని, అన్నం, చదువు. ఏ బట్ట ఎవరిదన్న గొడవ కంటే పాత్ర నిలబడిందా లేదా అన్నదే వాళ్ళకు ముఖ్యం.

జమ్మలమడుగుకు పడమటగా ఉన్న తాడిపత్రిలో 1880లో పుట్టిన రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ మాత్రం మగవాళ్ళు ఆడవేషం కట్టడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆయన అభ్యంతరం చీర మీద కాదు. స్త్రీకి స్టేజీ మీద చోటు లేకుండా చేసి, ఆమె పాత్రను మగవాడు తీసుకోవడం అన్యాయమన్నది ఆయన వాదన. ఈ మాటను ఈ చర్చలో మరిచిపోకూడదు. ఆడవేషం వేసిన మగవాడికి చప్పట్లు కొట్టినంత మాత్రాన సమాజం ఆడవాళ్ళను గౌరవించినట్టు కాదు.

చప్పట్లు మాత్రం హోరెత్తాయి. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచి వస్తుంటే ఆ నడకనూ చీరకట్టునూ చూసి నేర్చుకోవడానికి ఆడవాళ్ళే వచ్చేవాళ్ళని చెప్పుకునేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ జీవితమంతా సత్యభామగా, ఉషగా, మోహినిగా ఆడి 1970లో పద్మశ్రీ అందుకున్నారు. అక్కినేని నాగేశ్వరరావు సినిమాల్లోకి రాకముందు, మీసం రాని వయసులో, నాటకాల్లో ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నారు. బెజవాడ కాలేజీలో చదివే రోజుల్లో ఎన్.టి. రామారావు రాచమల్లు దౌత్యం నాటకంలో నాగమ్మ వేషం కట్టారు. మీసం తీయనని పట్టుబట్టి మీసాల నాగమ్మ అనిపించుకున్నారు. 1963లో నర్తనశాలలో బృహన్నలగా ఆడిపాడారు. ఆయన మగతనం మీద అనుమానపడిన తెలుగువాడు ఎవరూ లేరు.

అంటే ఇదంతా ఉదారతేనా? హర్షిత మృత్యింటి కామత్ 2019లో ప్రచురించిన పుస్తకంలో కూచిపూడి బ్రాహ్మణ పురుషుల ఆడవేషాన్ని చాలా దగ్గరగా పరిశీలించారు. భామవేషం కట్టగలగడం ఆ ఊళ్ళో మగవాడికి హోదా. కులం, గురుపరంపర, దేవుడి పేరు ఆ వేషానికి అండగా నిలబడ్డాయి. ఆ అండ లేనివాడు అదే పని చేస్తే అదే సమాజం ఎలా చూస్తుందన్నది అందరికీ తెలిసిందే. ఆడంగి, తేడా, పాయింట్ ఫైవ్. ప్రొద్దుటూరులో అయినా పులివెందులలో అయినా బడి ఆవరణలో పిల్లలు ఈ మాటలు ఎక్కాల కంటే ముందే నేర్చుకుంటున్నారు.

దేవుడి సన్నిధిలో సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. ఒంటిమిట్ట కోదండరాముడికి బ్రహ్మోత్సవాల్లో మోహినీ అలంకారం చేస్తారు. తిరుమలలో అయిదోనాడు పొద్దున స్వామి మోహినీ అవతారంలో పల్లకీ ఎక్కుతాడు. ఉమ్మడి కడప జిల్లా తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య శృంగార కీర్తనల్లో ఎన్నిటినో ఆడగొంతుతోనే పలికాడు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో, మే నెల ఎండలో, మగవాళ్ళు మొక్కు చెల్లించడానికి చీర కట్టి, జడ వేసి, నగలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. వాళ్ళ వెంట లంగా జాకెట్లలో చిన్నపిల్లలూ ఉంటారు. ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ వేషాలు మార్చిందన్నది ఆ కథ. ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో హోలీనాడు మగవాళ్ళు పట్టుచీరలు కట్టి, పూలు పెట్టుకుని రతీమన్మథులకు పూజ చేస్తారు. 2024 డిసెంబరులో పుష్ప 2 విడుదలైనప్పుడు చీర కట్టి, గాజులు వేసి, కాళ్ళకు గజ్జెలతో వీరంగం చేసిన అల్లు అర్జున్‌ను చూసి రాయలసీమ థియేటర్లు ఊగిపోయాయి. ఆ వేషాన్ని పుట్టినరోజులకూ బడి వార్షికోత్సవాలకూ మగపిల్లలకు వేయించిన తల్లిదండ్రులు ఎందరో.

దేవుడికైతే సరే, మొక్కుకైతే సరే, హీరో వేస్తే మరీ మంచిది. పిల్లవాడు "నాకు ఈ రంగు బాగుంది" అంటే మాత్రం కాదు.

ఆ నిరాకరణకు సీమలో ప్రత్యేకమైన బరువొకటి ఉంది. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర వచ్చాక రాయలసీమ మగవాడంటే తెల్లచొక్కా, మెలేసిన మీసం, తొడగొట్టుడు అన్న బొమ్మ తెలుగుదేశమంతా పాకింది. జమ్మలమడుగు, పులివెందుల పేర్లు చెప్పగానే బయటివాళ్ళకు ఆ బొమ్మే గుర్తొస్తుంది. ఇక్కడివాళ్ళకు అది చికాకు. అయితే ఇళ్ళలో మగపిల్లల పెంపకం మీదా ఆ నీడ పడింది. ఏడవకూడదు, వంటింట్లో తిరగకూడదు, మెత్తగా మాట్లాడకూడదు. రాజకీయ సభల్లో "మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు" అన్నది అన్ని పార్టీలవాళ్ళూ వాడే మాట. పని చేయని అధికారికి చీర, గాజులు, పసుపు కుంకుమ పట్టుకెళ్ళి ఇవ్వడం నిరసనల్లో మామూలైపోయింది. ఆ మాట వేదిక ముందు కూర్చున్న ఆడపిల్లా వింటుంది, మగపిల్లవాడూ వింటాడు. తన బట్టలే తిట్టు అని ఆమెకు తెలుస్తుంది. ఆ బట్టల జోలికి వెళ్తే తనకూ అదే గతి అని వాడికి తెలుస్తుంది. ప్యాంటు, టీషర్టు వేసుకున్న ఆడపిల్లను "మగరాయుడు మాదిరి ఉంది" అని సగం గర్వంగా చెప్పుకునే ఇంట్లోనే గౌను వేసుకున్న మగపిల్లవాడు నవ్వులపాలవుతాడు. పైమెట్టు ఎక్కినవాళ్ళను మెచ్చుకుని, కిందిమెట్టు దిగినవాణ్ణి వెక్కిరించే లెక్క ఇది. మెట్లు ఉన్నాయని అందరం నమ్ముతున్నాం కాబట్టే ఈ తేడా.

చట్టమూ ఒకప్పుడు ఈ భయానికి కొమ్ముకాసింది. నిజాం పాలనలో 1919లో వచ్చిన చట్టం ఒకటి హైదరాబాదు రాజ్యంలో నపుంసకులని ముద్రపడ్డవాళ్ళు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. పదహారేళ్ళ లోపు మగపిల్లవాణ్ణి దగ్గర ఉంచుకోవడమూ నేరమే. కడపను నిజాం 1800లోనే కంపెనీకి ఇచ్చేశాడు కాబట్టి ఆ చట్టం ఇటు రాలేదు. తెలంగాణలో అది కాగితం మీద వందేళ్ళకు పైగా బతికి, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేయగా పోయింది. అంతకుముందు 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద వచ్చిన నల్సా కేసులో సుప్రీంకోర్టు మనిషి తన లింగభావాన్ని బట్టల ద్వారా, మాట ద్వారా, నడవడి ద్వారా వ్యక్తం చేసుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది.

తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం మాత్రం సరికాదు. "ఇప్పుడు గౌను వేసుకోనిస్తే పెద్దయ్యాక ఏమవుతాడో" అన్నది చాలామంది మనసులో ఉండే అసలు మాట. బట్ట పిల్లవాడి స్వభావాన్ని తయారు చేయదు. తరతరాలుగా జడ వేయించుకున్న తెలుగు మగబిడ్డలే దానికి సాక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పిల్లలు తమ లింగానికి అలవాటు లేని బట్టలు, ఆటలు ఇష్టపడటం ఒక్కటే ఏ రోగనిర్ధారణకూ ఆధారం కాదు. అక్క గౌను అడిగిన పిల్లల్లో చాలామందికి అది ఆట, రంగు మోజు, అక్క మీద ప్రేమ. కొందరిలో అది ఇంకా లోతైన తమ ఉనికికి సంబంధించినది కావచ్చు. అలాంటి బిడ్డను గౌను లాగేసి మార్చలేరు. దాచుకోవడం మాత్రం నేర్పగలరు.

రెండో భయం నిజమైనది. ఇంట్లో ఒప్పుకున్నా వీధి ఒప్పుకోదు, బడి ఒప్పుకోదు. 2023లో ఉజ్జయినిలో పదహారేళ్ళ కుర్రవాడు దీపావళికి చీర కట్టుకున్న వీడియో పెడితే దాని కింద వేలకొద్దీ వెక్కిరింతలు, తిట్లు వచ్చిపడ్డాయి. ఆ నవంబరులోనే అతను ప్రాణం తీసుకున్నాడు. కాబట్టి "వాడి ఇష్టం" అని వదిలేసి చేతులు దులుపుకోవడం పెంపకం అనిపించుకోదు. పిల్లవాడికి అండగా నిలబడాలి. ఎవరైనా నవ్వితే ఏం చెప్పాలో నేర్పాలి, ఇంటికి వచ్చిన చుట్టాలతో పెద్దవాళ్ళే ముందు మాట్లాడాలి. అదే న్యాయం రెండోవైపూ వర్తిస్తుంది. స్టూడియోలో జడ వద్దని గుక్కపెట్టి ఏడుస్తున్న బిడ్డకు ముచ్చట పేరుతో బలవంతాన లంగా కట్టడమూ తప్పే. పిల్లల మీద పెద్దల పెత్తనాన్ని రచయిత చలం తన బిడ్డల శిక్షణ పుస్తకంలో ఎంతో ముందే నిలదీశాడు. తెలుగు ఇళ్ళు ఆయన్ని చదివినంతగా ఆచరించలేదు.

ప్రభుత్వాలు ఈ విషయంలో ఒక అడుగు వేసి రెండడుగులు వెనక్కి తగ్గుతున్నాయి. కేరళలో వళయన్‌చిరంగర ప్రాథమిక పాఠశాల 2018లో పిల్లలందరికీ మోకాళ్ళు దాటే నిక్కరు, చొక్కా ఒకే యూనిఫాంగా పెట్టింది. 2021 డిసెంబరులో కోళికోడ్ జిల్లా బాలుస్సేరి ఉన్నత పాఠశాల ఆడపిల్లలకూ ప్యాంటు ఇచ్చింది. రెండూ మంచి పనులే. కానీ రెండుచోట్లా ఆడపిల్లలే మగపిల్లల బట్టల వైపు నడిచారు. అదే 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లల విషయంలో టీచర్లకు ఒక కరదీపిక తెచ్చింది. అందరికీ ఒకే రకం యూనిఫాం గురించి కూడా అందులో ఉంది. గొడవ మొదలవగానే వెబ్‌సైటు నుంచి దాన్ని తీసేశారు.

కరదీపిక లేకపోయినా బడులు చేయగలిగింది ఉంది, అదీ రేపటి నుంచే. అల్లరి చేసిన మగపిల్లవాణ్ణి ఆడపిల్లల వరసలో కూర్చోబెట్టడం, "నీకు జడ వేసి గాజులు తొడుగుతా" అని బెదిరించడం మన బడుల్లో తరాలుగా సాగుతున్న శిక్ష. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అలా చేసిన టీచరు మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవచ్చని చెప్పింది. జడ, గాజుల బెదిరింపు ఆ నిషేధం కిందికే రావాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మండల విద్యాధికారులు హెడ్మాస్టర్ల సమావేశంలో ఈ ఒక్క విషయాన్ని అజెండాలో పెట్టవచ్చు. వార్షికోత్సవంలో సత్యభామ వేషం నాకు కావాలని అడిగిన మగపిల్లవాడికి ఆ వేషం ఇచ్చి, వాడిని ఏడిపించినవాళ్ళను పిలిచి మాట్లాడే బాధ్యత ఎవరిదో అదే సమావేశంలో తేల్చవచ్చు.